క్యారెట్ స్కోన్లు లోపల జిగురు, మర్నాటికి ఇసుక: గోధుమ లేని పిండితో ఎక్కడ తప్పుతోంది?

చిత్తూరు నుంచి అడిగిన అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తొమ్మిదేళ్ల బాబుకు సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) అని ఆరు నెలల కిందట తేలింది, ఇంట్లో వాడికి గోధుమ పూర్తిగా మాన్పించారు. స్కూల్లో తోటి పిల్లలు బేకరీ పఫ్‌లు, బన్నులు తెచ్చుకుంటుంటే వాడి డబ్బాలోనూ అలాంటిది ఒకటి పెట్టాలని బియ్యప్పిండి, తురిమిన క్యారెట్‌తో స్కోన్లు, అంటే బేకింగ్ పౌడర్‌తో పొంగే చిన్న మెత్తటి రొట్టెలు, చేశారు. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) 180 డిగ్రీల మీద అరగంట పెట్టినా పైన గట్టిగా, లోపల పచ్చిపిండిలా జిగురుగా వచ్చాయి. మిగిలినవి మర్నాటికి ఇసుకలా రాలాయి. తప్పు పిండిదా, ఓవెన్‌దా, గుడ్డు లేకుండా కుదురుతుందా అని మీ ప్రశ్న.

ఓవెన్‌ది కొంచెం ఉంది. ఎక్కువ తప్పు నీళ్లది.

నేను తిరుపతిలో బైరాగిపట్టెడలో ఉంటాను. మా అమ్మాయికి ఎనిమిదో ఏట ఇదే జబ్బు బయటపడింది, ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఈ పదకొండేళ్లలో మా ఓవెన్‌లోకి గోధుమపిండి ఒక్కసారి కూడా వెళ్లలేదు. మీరు పడుతున్న అవస్థ నాకు బాగా తెలుసు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

గోధుమపిండికి నీళ్లు తగిలితే అందులో ఉన్న రెండు ప్రొటీన్లు, గ్లూటెనిన్, గ్లయాడిన్, కలిసి సాగే వలలాగా అల్లుకుంటాయి. ఆ వలనే గ్లూటెన్ అంటారు. నీళ్లనూ, బేకింగ్ పౌడర్ పుట్టించే గాలినీ అదే పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండిలో ఆ వల లేదు. పైగా బియ్యపు రేణువు గట్టిది, చల్లటి నీళ్లను వెంటనే తాగదు. కలిపిన అయిదు నిమిషాలకే ఓవెన్‌లో పెడితే నీళ్లు ఇంకా రేణువు బయటే ఉంటాయి. ఇంతలో పిండిలోని ఉప్పు తగిలి క్యారెట్ కూడా నీళ్లు వదలడం మొదలుపెడుతుంది. క్యారెట్ బరువులో 85 శాతం పైన నీళ్లే. అవన్నీ స్కోన్ నడిమధ్యన చేరి జిగురవుతాయి, రేణువు లోపల మాత్రం పొడిగానే మిగిలిపోతుంది. మొదటి రోజు మీకు కనిపించిన జిగురు, మర్నాడు నాలుకకు తగిలిన ఇసుక, రెండింటికీ కారణం ఇదే. అందుకే కూరగాయలో నీళ్లు ముందే తీసెయ్యాలి, పిండికి నీళ్లు తాగే టైమ్ ఇవ్వాలి.

మీరు స్కోన్లు ఎంచుకోవడం మాత్రం చాలా మంచి పని. గోధుమపిండితో చేసేవాళ్లు కూడా స్కోన్‌లో గ్లూటెన్ ఎక్కువ పుట్టకూడదనే చూస్తారు. అందుకే పిండిని పిసకరు, వేళ్లతో వెన్న రుద్ది, పాలు పోసి, ముద్ద కాగానే ఆపేస్తారు. ఎక్కువ పిసికితే రబ్బరులా వస్తుంది. బ్రెడ్డుకు ఆ వల తప్పనిసరి కాబట్టి మన పిండితో బ్రెడ్డు చేయడం చాలా కష్టం. స్కోన్‌కు మనం పోగొట్టుకునేది తక్కువ.

ఇక పిండి. ఒక్క బియ్యప్పిండితో చేయకండి. నా లెక్క 250 గ్రాములకు ఇలా ఉంటుంది: బియ్యప్పిండి 100, జొన్నపిండి 80, సగ్గుబియ్యం పొడి 70. సగ్గుబియ్యాన్ని బాగా ఆరిన మిక్సీలో మెత్తగా పట్టి జల్లించండి. అది కొంచెం సాగుడు ఇస్తుంది. జొన్న రుచినీ చిక్కదనాన్నీ ఇస్తుంది. వీటికి ఒక టేబుల్ స్పూను, అంటే సుమారు 5 గ్రాముల ఇసబ్గోల్ పొట్టు. మందుల షాపులో దొరికేదే, రుచీ రంగూ కలపనిది తీసుకోండి. గ్లూటెన్ వల చేసే పనిలో కొంత అది చేస్తుంది, నీళ్లను పీల్చి జెల్లీలా పట్టి ఉంచుతుంది. కొన్ని బ్రాండ్ల పొట్టు వేడికి ఊదా రంగుకు తిరుగుతుంది, చెడిపోయిందేమోనని కంగారు పడకండి. ఇంకా బేకింగ్ పౌడర్ మూడు టీ స్పూన్లు, వంటసోడా పావు టీ స్పూను, ఉప్పు ముప్పావు టీ స్పూను, చక్కెర ఒక టీ స్పూను. చక్కెర తీపికి కాదు, పైన రంగు రావడానికి.

మన సీమలో పుట్టి రాగి వేయకుండా ఎలా అంటారా? వేయండి, జొన్న బదులు 60 గ్రాముల దాకా. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియం ఉంటుంది, పేగు దెబ్బతిన్న పిల్లలకు అది కావాలి కూడా. కానీ అంతకు మించితే స్కోన్ బరువెక్కి సంగటి ముద్దలా కూర్చుంటుంది. పైగా రాగి రంగు వల్ల పైన ఎర్రబడిందో లేదో కంటితో తెలియదు.

పిండి ఎక్కడ ఆడిస్తున్నారో మీరు రాయలేదు. వంట ఎలా కుదిరినా బాబు ఆరోగ్యం దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఇక్కడ ఆగి చెప్పాలి. మా అమ్మాయికి గోధుమ మానేసిన ఏడాదికి కూడా రక్తపరీక్షలో యాంటీబాడీలు (ఈ జబ్బును పట్టిచ్చే అంకె) తగ్గలేదు, బరువు పెరగలేదు. దొంగతనంగా ఏమైనా తింటోందా అని డాక్టరుగారు అడిగితే పిల్ల ఏడ్చేసింది. అది తినలేదు. మేము రాగులు, బియ్యం ఆడించేది వీధి చివర మిల్లులో. మా ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని వెళ్తారు, అదే రాళ్ల మధ్య, అదే గొట్టంలో మా రాగులు పడతాయి. మిల్లు ఆయన తప్పేమీ లేదు, అందరికీ ఆడినట్టే మాకూ ఆడాడు. ఎక్కడ పడుతోందో చూసుకోవాల్సింది మేము. అప్పటి నుంచి ఇంట్లో వాడుకునే చిన్న పిండి మర కొనుక్కుని, అందులో గోధుమ అన్నదే వేయలేదు. ఆ తర్వాత పరీక్షకు అంకె సగానికి పైగా పడిపోయింది.

మర కొనే వీలు లేకపోతే బియ్యానికి మన అరిసెల పద్ధతి ఉండనే ఉంది. బియ్యం కడిగి నాలుగు గంటలు నానబెట్టి, వడకట్టి, గుడ్డ మీద ఆరబోసి, కొంచెం తడి ఉండగానే మిక్సీలో పట్టి జల్లించండి. పొడి బియ్యం పడితే వచ్చే పిండి కంటే ఇది చాలా మెత్తన, ఇసుక తగలదు. జల్లించాక మాత్రం నీడన పూర్తిగా ఆరనివ్వండి, తడి ఉంటే నా కొలతలు తప్పుతాయి. జొన్న మిక్సీలో అంత మెత్తగా నలగదు, గ్లూటెన్ లేదని ముద్రించిన ప్యాకెట్ కొనడం మేలు. మన దేశంలో ఆ మాట రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నియమం. గింజలు కొన్నా ఏరకుండా వాడకండి. రాగుల్ని సన్న జల్లెడ పడితే గోధుమ గింజ పైన నిలుస్తుంది. జొన్నల్లో అలా తేలదు, చేటలో పోసి చేత్తో ఏరాల్సిందే. జల్లెడ కూడా కొత్తది కొనండి. ఏళ్ల తరబడి మైదా జల్లించినదాని కన్నాల్లో ఎంత కడిగినా పిండి దాక్కునే ఉంటుంది.

స్కోన్లలో కారం, ఇంగువ వేసే అలవాటుంటే ఇంగువ డబ్బా తిప్పి చదవండి. మన దగ్గర అమ్మే కలిపిన ఇంగువలో చాలా వరకు గోధుమపిండి ఉంటుంది. రాగి సేమ్యాలోనూ, మిల్లెట్ బిస్కెట్లలోనూ అంతే, పేరు రాగిది, చాలా వాటి లోపల గోధుమ. ఓట్స్ కూడా గ్లూటెన్ లేదని ముద్ర ఉంటే తప్ప వద్దు, అదీ డాక్టరు సరేనన్నాకే. ఇది చదివి తమ పిల్లలకూ అలాగే ఉందేమోనని అనుమానం వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, పరీక్షకు ముందు గోధుమ మానిపించవద్దు. మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు.

ఇప్పుడు కూరగాయలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. 250 గ్రాముల పిండికి సిద్ధం చేసిన కూరగాయ 120 గ్రాములు సరిపోతుంది. సిద్ధం చేసినది అంటే నీళ్లు తీసినది.

క్యారెట్ అయితే 200 గ్రాములు సన్నగా తురిమి, అర స్పూను ఉప్పు కలిపి, చిల్లుల గిన్నెలో పావుగంట ఉంచండి. తర్వాత పలుచటి నూలు గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండండి. కప్పులో మూడో వంతుకు దగ్గరగా నీళ్లు వస్తాయి. మీ స్కోన్‌లో ఉడకకుండా నిలిచినవి ఆ నీళ్లే. ఇలా చేసినప్పుడు పిండిలో ఉప్పు సగానికి తగ్గించండి. సొరకాయ, బీరకాయ కూడా ఇదే దారి, కానీ వాటిలో మిగిలే రుచి తక్కువ, నేను చేయను. పాలకూరను వేడినీళ్లలో ఒక నిమిషం ముంచి తీసి పిండండి.

గుమ్మడికాయను ఆవిరి మీద ఉడికించకండి, దానికి మరిన్ని నీళ్లు పడతాయి. ముక్కలు కోసి, నూనె రాసి, ఓవెన్‌లో 200 డిగ్రీల మీద అంచులు నల్లబడేదాకా కాల్చండి. తీపి చిక్కబడుతుంది, ముక్క గట్టిపడుతుంది. మదనపల్లె టమాటా మన ఇళ్లలో ఎప్పుడూ ఉంటుంది గానీ పచ్చిది మాత్రం స్కోన్‌లో వేయవద్దు. సగానికి కోసి, గింజలూ రసమూ తీసేసి, 120 డిగ్రీల మీద రెండు గంటలు ఎండబెడితే పుల్లటి చర్మంలా అవుతుంది. అది సన్నగా తరిగి రెండు స్పూన్లు వేస్తే రుచి ఎక్కడికో వెళ్తుంది. ఉల్లిపాయ ఎర్రగా వేయించి, చల్లార్చి వేయండి.

మునగాకు మా ఇంటి అసలు రుచి. ముందురోజు రాత్రి కడిగి, రెమ్మలు దులిపి, గుడ్డ మీద పరిచి ఉంచుతాను. పొద్దుటికి తడి ఉండదు. ఒక గుప్పెడు ఆకు, రెండు పచ్చిమిరపకాయలు, అర స్పూను జీలకర్ర, రెండు స్పూన్లు వేయించిన చెనక్కాయల పొడి. చెనక్కాయల నూనె వల్ల స్కోన్ మర్నాడు కూడా మెత్తగా ఉంటుంది. దీన్ని ఊరుబిండితో (రోటి పచ్చడితో) తింటే పక్కన జామ్, క్రీమ్ ఎందుకు లేవని ఎవరూ అడగరు.

కానీ మొదటిసారికి వీటన్నిటినీ పక్కన పెట్టి గెనుసుగడ్డతో (చిలగడదుంపతో) చేయండి. పొట్టుతోనే కాల్చి, పొట్టు తీసి, ముద్ద చేసి, పూర్తిగా చల్లారనివ్వాలి. దానిలో పిండిపదార్థం అప్పటికే ఉడికి ఉంటుంది కాబట్టి మిగతా పిండిని పట్టి ఉంచుతుంది, నీళ్లనూ వదలదు. చేయి తిరగని రోజుల్లో నన్ను గట్టెక్కించింది ఈ గడ్డే. దీనితో చేసేటప్పుడు ద్రవం రెండు స్పూన్లు తగ్గించండి.

వెన్న 75 గ్రాములు, రాయిలా చల్లగా ఉండాలి. మనకు ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటుతుంది, వెన్న చేతిలోనే కరిగిపోతుంది. నేను తెల్లవారుజామునే చేసేస్తాను. పొడి పిండి కూడా గిన్నెతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెడతాను. వెన్నను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి క్యారెట్ తురిమే పీటతోనే పిండిలోకి తురుముతాను, వేళ్ల వేడి తగలదు. వెన్న పలుకులు ఓవెన్‌లో కరిగినప్పుడు వాటి చోట ఖాళీలు మిగిలి పొరలు వస్తాయి. ముందే కరిగితే ఆ పొరలు రావు, స్కోన్ నూనె ఓడుతూ బిస్కెట్‌లా పరుచుకుంటుంది. ఇంట్లో మజ్జిగ చిలికి తీసిన వెన్న అయితే చన్నీళ్లలో రెండుసార్లు కడిగి, మజ్జిగ పోయేలా నొక్కి, ఆపైన గడ్డకట్టించండి. షాపు వెన్నలో ఉప్పు ఉంటే పిండిలో ఉప్పు ఇంకా తగ్గించాలి. నెయ్యే ఉంటే 60 గ్రాములు చాలు, వెన్నలో అయిదో వంతు దాకా కొవ్వు కానిది ఉంటుంది కాబట్టి. పొరలు మాత్రం వెన్నకు వచ్చినట్టు రావు.

వెన్న కలిపాక కూరగాయ వేసి, పుల్లటి పెరుగు 100 గ్రాములు, ఒక గుడ్డు గిలకొట్టి పోయండి. గరిటెతో కలిపి, అవసరమైతే చల్లటి పాలు స్పూను స్పూనుగా పోయండి. గారెల పిండి కంటే గట్టిగా, చపాతీ పిండి కంటే బాగా మెత్తగా, చేతికి కొంచెం అంటుకునేలా ఉండాలి. ఇక్కడే చాలామంది భయపడి మరింత పిండి చల్లుతారు. చల్లకండి. మూతపెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచితే బియ్యమూ ఇసబ్గోలూ నీళ్లు తాగి అదే గట్టిపడుతుంది. ఆ అరగంట ఎప్పుడూ ఎగ్గొట్టవద్దు. ఇప్పుడు దొరికే బేకింగ్ పౌడర్ ఎక్కువగా రెండుసార్లు పనిచేసే రకమే, ఒకసారి తడికి, మళ్లీ వేడికి. కాబట్టి ఆగినంత మాత్రాన పొంగు పోదు.

గుడ్డు గురించి అడిగారు కదా. శనివారం మా ఇంట్లో గుడ్డు ముట్టం, ఆ రోజు ఇసబ్గోల్ ఇంకో టీ స్పూను పెంచి, గుడ్డు బదులు 40 మిల్లీలీటర్ల పాలు పోస్తాను. కొంచెం తక్కువ పొంగుతుంది, రుచికి లోటు లేదు.

పిండిని బియ్యప్పిండి చల్లిన పీట మీద వేసి, చపాతీ కర్రతో కాకుండా అరచేత్తో అంగుళం మందాన గుండ్రంగా తట్టి, కత్తితో ఎనిమిది ముక్కలు చేయండి. ఆ పీట, కత్తి గోధుమకు వాడనివి అయి ఉండాలి. వీలైతే ఇంట్లో చపాతీ పిండి కలపకముందే ఈ పని ముగించండి, గాలిలో లేచిన గోధుమ దుమ్ము ఎక్కడ వాలుతుందో మనకు కనిపించదు.

మీ ఓవెన్ సంగతి. 180 చాలదు. స్కోన్‌కు మొదటి పది నిమిషాల్లో గట్టి వేడి తగలాలి, అప్పుడే వెన్నలో ఉన్న నీళ్లు ఆవిరై పైకి లేపుతాయి. పైనా కిందా రెండు రాడ్లూ వేసి 220 దగ్గర పావుగంట వేడెక్కించి, ట్రే పెట్టాక 200కు తగ్గించండి. నడి అరలో 20 నుంచి 24 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో అంకెకూ లోపలి వేడికీ పొంతన ఉండదు, లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొంటే ఎన్నో టెన్షన్లు పోతాయి. పుల్ల గుచ్చి చూడటం ఈ పిండికి నమ్మకం లేదు, ఉడికినా అంటుకుంటుంది. గుచ్చి చూసే థర్మామీటర్‌లో నడిమధ్యన 95 డిగ్రీలు దాటితే అయిపోయినట్టు. అది లేకపోతే అడుగు తిప్పి వేలితో కొట్టండి, డొల్లగా మోగాలి.

తీసిన వెంటనే తుంచకండి. బాబు పక్కనే నిలబడి అడుగుతాడు, తెలుసు. అయినా పావుగంట జాలీ మీద ఆగాల్సిందే. ఉడికిన పిండిపదార్థం చల్లారేటప్పుడే గట్టిపడుతుంది. వేడిమీద తుంచితే బాగా ఉడికినది కూడా పచ్చిగా అనిపిస్తుంది. మీ మొదటి వాయిలో కొంత ఇదీ జరిగి ఉండొచ్చు.

మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టవద్దు. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి మెతుకు ఎలా బిరుసెక్కుతుందో స్కోన్ కూడా అలాగే బిరుసెక్కుతుంది, రెండింట్లోనూ ఉన్నది బియ్యమే. చల్లారగానే ఒక్కొక్కటి విడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, నెల దాకా బాగుంటాయి. స్కూలు రోజు పొద్దున తీసి 160 డిగ్రీల మీద పది నిమిషాలు వేడి చేయండి. కరెంటు లేకపోతే మందపాటి పెనం మీద మూతపెట్టి సన్నసెగ మీద చేసినా సరే. అసలు స్కాట్లండ్‌లో పాతకాలపు స్కోన్లు కాల్చింది ఇనుప పెనం మీదే. ఓటీజీ మొరాయించిన రోజు మీరూ పచ్చివాటినే అర అంగుళం మందాన తట్టి, ఒక్కో పక్క ఏడు నిమిషాలు పెనం మీద కాల్చవచ్చు.

వేడి చేసినది డబ్బాలో పెట్టేముందు పది నిమిషాలు ఆరనివ్వండి, లేకపోతే ఆవిరి పట్టి మళ్లీ తడుస్తుంది. రెండు పెట్టండి, ఒకటి వాడికి, ఒకటి పక్క పిల్లాడికి. ఆ పక్క పిల్లాడి డబ్బాలోంచి మాత్రం ఏదీ తీసుకోకూడదని వాడికీ, టీచర్‌కీ ముందే చెప్పి ఉంచండి. ఆదివారం గెనుసుగడ్డతో చేసి చూసి, లోపల ఎలా వచ్చిందో, పిండి ఎక్కడ ఆడిస్తున్నారో రెండూ రాయండి.